క్యూబిట్‌టోరెంట్ మీద వైరస్ అలర్ట్‌లు: తీసేయాలా, ఉంచాలా?

#1 పాతపుస్తకాలపిచ్చి
విండోస్ 11. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు స్కాన్లు దింపుకోవడానికి పోయిన వారం క్యూబిట్‌టోరెంట్ అనే టోరెంట్ ప్రోగ్రాం వేశాను. ఆ రోజే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఏదో పీయూఏ (అక్కర్లేని ప్రోగ్రాం) దొరికిందంది. పేరు పూర్తిగా చదవకుండా రిమూవ్ కొట్టాను. అయినా ప్రోగ్రాం పనిచేస్తూనే ఉంది. అనుమానమొచ్చి ఇంకో యాంటీవైరస్ ట్రయల్ వేస్తే, అది అయిదు నిమిషాలకోసారి "వెబ్‌సైట్ బ్లాక్ చేశాం, ట్రోజన్, అవుట్‌బౌండ్, క్యూబిట్‌టోరెంట్.ఈఎక్స్ఈ" అని మూలన పాపప్ వేస్తోంది. టోరెంట్లన్నీ ఆపేసినా ఆగట్లేదు. 1930ల నాటి నిఘంటువులో ట్రోజన్ ఏంటండీ? తీసేయాలా, ఉంచాలా?

#2 కాకినాడకాజా
టోరెంట్ అంటేనే వైరస్. పీకిపారేసి విండోస్ కూడా మళ్లీ ఎక్కించుకోండి.

#3 రాత్రిడ్యూటీ
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమంటాడు కాజా. అంత అక్కర్లేదు. అవన్నీ ఉత్తుత్తి అలర్ట్‌లే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని డిఫెండర్ ఎక్స్‌క్లూజన్‌లో (స్కాన్ చేయొద్దని చెప్పే జాబితా) పడేయండి, గొడవ వదిలిపోతుంది.

#4 ప్యాకెట్_పంతులు
#3 మాట వినకండి. డౌన్‌లోడ్స్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. బ్రౌజర్, వాట్సాప్, మెయిల్ అటాచ్‌మెంట్లు అన్నీ దిగేది అక్కడికే.

#1లో ఉన్నవి రెండు వేర్వేరు అలర్ట్‌లు. ఒకదానికి రెండోదానితో సంబంధం లేకపోవచ్చు.

పాపప్‌ల సంగతి ముందు చూద్దాం. అది చెప్తున్నది మీ డిస్క్ మీద ఉన్న ఫైల్ గురించి కాదు, అవతల ఉన్న ఒక ఐపీ అడ్రస్ గురించి. టోరెంట్‌లో మీరు ఒక సర్వర్‌తో మాట్లాడరు, ముక్కూమొహం తెలియని వందలమందితో మాట్లాడతారు. క్యూబిట్‌టోరెంట్ డిఫాల్ట్‌గా మొత్తం 500 కనెక్షన్లు, ఒక్కో టోరెంట్‌కు 100 దాకా తెరుస్తుంది. వాళ్లలో ఒకడి ఐపీ ఎప్పుడో స్పామ్‌కో బాట్‌నెట్‌కో (హ్యాకర్ల చేతికి చిక్కిన కంప్యూటర్ల గుంపు) వాడినదైతే అది యాంటీవైరస్ వాళ్ల బ్లాక్‌లిస్టులో ఉంటుంది. మీ ప్రోగ్రాం ఆ ఐపీని పలకరించగానే గంట మోగుతుంది. తిరనాళ్లలో ఎవడో పాత నేరస్థుడి భుజం తగిలితే పోలీసు మిమ్మల్ని ఆపినట్టు. కనెక్షన్ బ్లాక్ అయింది, అంతే. ఏదీ దిగలేదు.

టోరెంట్లు ఆపినా ఎందుకు వస్తోందంటే డీహెచ్‌టీ వల్ల. ట్రాకర్ (ఎవరి దగ్గర ఏముందో చెప్పే సర్వర్) లేకుండా పీర్లను, అంటే అవతల ఫైల్ పంచుకునేవాళ్లను వెతుక్కునే ఆ యూడీపీ నెట్‌వర్క్, ప్రోగ్రాం తెరిచి ఉన్నంతసేపూ నడుస్తూనే ఉంటుంది. కింద స్టేటస్ బార్‌లో "డీహెచ్‌టీ: 370 నోడ్స్" లాంటిది కనిపిస్తుంది చూడండి, ఆ నోడ్లన్నీ పరాయి ఐపీలే.

పాపప్ ఈసారి వచ్చినప్పుడు పోర్ట్, ఐపీ రాసుకోండి. ప్రతిసారీ వేరే ఐపీ, వేరే పోర్ట్ అయితే నేను చెప్పిందే. గంటల తరబడి ఒకే ఐపీ, అదీ 443 పోర్ట్ (మామూలు వెబ్‌సైట్లు వాడే దారి) మీద వస్తుంటే చెప్పండి, అప్పుడు కథ వేరు.

#5 హ్యాష్‌రాణి
పాపప్‌ల గురించి పంతులు గారు చెప్పింది సరే. నా అనుమానమంతా మీరు చదవకుండా రిమూవ్ కొట్టిన మొదటి అలర్ట్ మీద. అది ఇంకా దొరుకుతుంది. విండోస్ సెక్యూరిటీ → వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ → ప్రొటెక్షన్ హిస్టరీ. ఆ వరుస తెరిచి రెండు విషయాలు ఇక్కడ పెట్టండి: పూర్తి పేరు, "అఫెక్టెడ్ ఐటమ్స్" కింద ఉన్న పాత్. ఇన్‌స్టాలర్ ఏ సైట్ నుంచి దించారో, సుమారు సైజెంతో కూడా.

#6 లినక్స్‌లింగం
పీయూఏ అంటే వైరస్ కాదుగా రాణి గారూ. యూటోరెంట్‌ను డిఫెండర్ ఎప్పట్నుంచో పీయూఏ కిందే పట్టుకుంటోంది. "పీయూఏ:విన్32/యూటోరెంట్" అని దానికి సొంత పేరే ఉంది.

#7 హ్యాష్‌రాణి
అది యూటోరెంట్ సంగతి, అందులో ప్రకటనలూ ఆఫర్లూ ఉంటాయి కాబట్టి. క్యూబిట్‌టోరెంట్‌లో ప్రకటనల్లేవు. దాని మీద స్మార్ట్‌స్క్రీన్ (తెలియని ప్రోగ్రాంల మీద విండోస్ హెచ్చరిక) నీలం తెర రావచ్చు, ఇన్‌స్టాలర్‌కు విండోస్ డిజిటల్ సంతకం లేదు గనక "అన్‌నోన్ పబ్లిషర్" అంటుంది. కొత్త వెర్షన్ వచ్చిన మొదటి రోజుల్లో ఇంకా ఎక్కువ. కానీ అసలు ఇన్‌స్టాలర్ మీద డిఫెండర్ పీయూఏ అనడం మామూలు విషయం కాదు.

#8 సీడర్_సీతయ్య
మధ్యలో దూరుతున్నా. నాది కాలీ లినక్స్ ఐఎస్ఓ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా పెట్టింది). 98.7% దగ్గర "ఎర్రర్డ్". ఫోర్స్ రీచెక్ కొడితే కాస్త వెనక్కెళ్లి మళ్లీ అక్కడికే వచ్చి చస్తోంది. డిస్క్ పోయిందా?

#9 కాకినాడకాజా
నేను చెప్తే విన్లేదు.

#10 ప్యాకెట్_పంతులు
సీతయ్యా, డిస్క్ కాదు. కాలీలో మెటాస్‌ప్లాయిట్ లాంటి దాడి పరికరాలుంటాయి. డిఫెండర్ ఐఎస్ఓను సంచీలా విప్పి లోపల చూస్తుంది. హిస్టరీలో "కంటైనర్‌ఫైల్:" అని ఐఎస్ఓ పేరు, కింద "ఫైల్:" అని మళ్లీ అదే పేరు, పక్కన బాణం గుర్తు, తర్వాత లోపలి ఫైల్ కనిపిస్తే అదే కేసు. టోరెంట్ దిగుతుండగానే డిఫెండర్ ఆ ఫైల్‌ను తాళమేస్తే, రాయబోయిన క్లయింట్‌కు ఐఓ ఎర్రర్ వస్తుంది. రీచెక్ కొడితే లేని ముక్కలు మళ్లీ దింపుతుంది, డిఫెండర్ మళ్లీ పట్టుకుంటుంది.

దీనికి మాత్రం ఎక్స్‌క్లూజన్ సరైన మందు, కానీ మోతాదుతో. డి డ్రైవ్‌లో ఐఎస్ఓ అని ఖాళీ ఫోల్డర్ తెరిచి అదొక్కదాన్నే మినహాయించండి. దిగాక ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ వేలిముద్ర లాంటి హ్యాష్) తీసి కాలీ సైట్‌లో ఉన్నదానితో పోల్చండి. పెన్‌డ్రైవ్‌కు రాశాక మినహాయింపు తీసేయండి.

#11 రాత్రిడ్యూటీ
టోరెంట్ తనే హ్యాష్ చూసుకుంటుంది కదా, మళ్లీ చేత్తో పోల్చడమెందుకు? 100% అయిందంటే ఫైల్ కరెక్టే.

#12 హ్యాష్‌రాణి
చాలామంది పొరబడేది ఇక్కడే. టోరెంట్ హ్యాష్, పాత వెర్షన్‌లో ఎస్‌హెచ్‌ఏ1 అయినా రెండో వెర్షన్‌లో ఎస్‌హెచ్‌ఏ256 అయినా, చెప్పేది ఒక్కటే: టోరెంట్ తయారుచేసినవాడి దగ్గర ఏముందో మీ దగ్గరికి అదే వచ్చింది అని. వాడు విషం పెడితే చుక్క కూడా ఒలకకుండా విషమే వస్తుంది. ఆ టోరెంట్ ఫైల్ కాలీ వాళ్ల సైట్ నుంచే తీసుకుంటే ఇబ్బంది లేదు. ఎక్కడో దొరికిన మాగ్నెట్ లింక్ అయితే చేత్తో పోల్చాల్సిందే.

#13 పాతపుస్తకాలపిచ్చి
#5కి జవాబు. పేరు "పీయూఏడీఎల్‌మేనేజర్:విన్32/ఆఫర్‌కోర్". పాత్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో క్యూబిట్‌టోరెంట్ సెటప్. సైజు గుర్తులేదు కానీ రెండు సెకన్లలో దిగిపోయింది, 3 ఎంబీ కూడా ఉండదు. తెరిచాక మళ్లీ అదే ఇంకేదో దింపింది. సైట్ పేరు చూడలేదు, గూగుల్‌లో అన్నిటికంటే పైన వచ్చింది.

#14 మౌనముని
పైన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాల్లో ఉందా?

#15 పాతపుస్తకాలపిచ్చి
ఇప్పుడు మళ్లీ వెతికి చూశా. ఉంది.

#16 హ్యాష్‌రాణి
అయితే మొదటి అలర్ట్ నిజమే. #3, #6 ఇద్దరూ వెనక్కి తగ్గాలి.

పేరు విడదీసి చూడండి. "పీయూఏ" అంటే అక్కర్లేని సరుకు. "డీఎల్‌మేనేజర్" అంటే డౌన్‌లోడ్ మేనేజర్, అంటే అసలు సాఫ్ట్‌వేర్‌కు తొడిగిన తొడుగు. "విన్32" ప్లాట్‌ఫాం. "ఆఫర్‌కోర్" ఆ కుటుంబం పేరు. 64 బిట్ అసలు ఇన్‌స్టాలర్ 5.x వెర్షన్లలో 40 ఎంబీ అటూఇటూ ఉంటుంది. 3 ఎంబీ లోపు వచ్చిందంటే అందులో క్యూబిట్‌టోరెంట్ పట్టదు. ఆ తొడుగు తెరుచుకుని, మధ్యలో నాలుగు "యాక్సెప్ట్" బటన్లు చూపించి, చివర్లో అసలు ప్రోగ్రాం దింపి ఎక్కిస్తుంది. అందుకే డిఫెండర్ తొడుగును తీసేసినా మీ ప్రోగ్రాం పనిచేస్తోంది. మధ్యలో ఆ నాలుగు బటన్లు ఏమేం తెచ్చిపెట్టాయన్నదే ఇప్పుడు తేలాలి.

అదే పేరు చివర "!ఎంఎల్" అని ఉంటే, ఉదాహరణకు "ట్రోజన్:విన్32/వకాటక్.బి!ఎంఎల్", అది మెషీన్ లెర్నింగ్ అంచనా. తప్పయ్యే అవకాశం ఉంది, అలాగని కొట్టిపారేయకూడదు. ఆఫర్‌కోర్ లాంటిది మాత్రం తెలిసిన సరుకు పేరు.

#17 లినక్స్‌లింగం
తగ్గాను. నేను #6లో పేరు చూడకుండా మాట్లాడా.

#18 ప్యాకెట్_పంతులు
శుభ్రం చేసే వరస ఇది. తొందరపడి ప్రోగ్రాం పీకకండి, ముందు మీ టోరెంట్ల జాబితా దాచుకోండి.

క్యూబిట్‌టోరెంట్ మూసి, విన్ కీ, ఆర్ కలిపి నొక్కి శాతం గుర్తుల మధ్య లోకల్‌యాప్‌డేటా అని కొట్టండి. క్యూబిట్‌టోరెంట్ ఫోల్డర్‌లో బీటీ_బ్యాకప్ ఉంటుంది. మీ .టోరెంట్, .ఫాస్ట్‌రెజ్యూమ్ ఫైళ్లన్నీ అందులోనే. దాన్ని కాపీ చేసి పక్కన పెట్టండి. సెట్టింగ్స్ ఫైల్ మాత్రం తీసుకోకండి, కొత్తగా పెట్టుకుందాం.

సెట్టింగ్స్ → యాప్స్ → ఇన్‌స్టాల్డ్ యాప్స్, తేదీ వారీగా పేర్చండి. క్యూబిట్‌టోరెంట్ వేసిన రోజున ఇంకేవి ఎక్కాయో వరసగా కనిపిస్తాయి. మీరు వేయనివన్నీ తీసేయండి, క్యూబిట్‌టోరెంట్ కూడా. అన్‌ఇన్‌స్టాలర్ "దింపిన ఫైళ్లు కూడా తీసేయాలా" అని ఏ రూపంలో అడిగినా వద్దనండి.

తర్వాత బ్రౌజర్: ఎక్స్‌టెన్షన్లు, సెర్చ్ ఇంజన్, నోటిఫికేషన్ అనుమతులు. ఇంట్లో వాడే కంప్యూటర్లో క్రోమ్ "మీ సంస్థ నిర్వహిస్తోంది" అంటుంటే అడ్రస్ బార్‌లో క్రోమ్://పాలసీ కొట్టి ఏ పాలసీ పెట్టారో చూడండి. యాంటీవైరస్ కూడా ఒక్కోసారి పాలసీ పెడుతుంది, కంగారొద్దు. ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా ఎక్కించే పాలసీ ఉంటే మాత్రం అది పోవాలి.

టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో ఆ తేదీ టాస్క్‌లు చూడండి. యాప్‌డేటా లేదా టెంప్ ఫోల్డర్లోంచి ఏదైనా నడిపే టాస్క్ ఉంటే అనుమానించాల్సిందే.

చివరగా డిఫెండర్ ఎక్స్‌క్లూజన్ల జాబితా. ఇది ఎవరూ చూడరు. లోపలికొచ్చిన సరుకు చేసే మొదటి పని తన ఫోల్డర్‌ను అక్కడ రాసుకోవడమే. మీరు పెట్టనిది అక్కడ ఒక్కటి ఉన్నా తీసేసి, స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి పావుగంట తీసుకుంటుంది. తెరిచిన ఫైళ్లు సేవ్ చేసుకుని మొదలెట్టండి.

#19 సీడర్_సీతయ్య
బ్యాంకు పాస్‌వర్డ్లు కూడా మార్చాలా ఆయన?

#20 హ్యాష్‌రాణి
వట్టి ఆఫర్‌కోర్ అయితే అక్కర్లేదు. హిస్టరీలో లుమ్మా, రెడ్‌లైన్, విడార్ లాంటి స్టీలర్ పేరు కనిపిస్తే మాత్రం వేరే ఫోన్ నుంచి వెంటనే. అప్పుడు పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే సరిపోదు, "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్" కూడా కొట్టాలి. అవి బ్రౌజర్‌లో మీ లాగిన్‌ను గుర్తుంచే కుకీలు ఎత్తుకెళ్తాయి. కుకీ ఉన్నవాడికి ఓటీపీ అవసరమే రాదు.

#21 నిజాంపేట్_నెట్
ఈ తలనొప్పులన్నీ లేకుండా యూటోరెంట్ 2.2.1 వేసుకోండి. ప్రకటనల్లేని చివరి మంచి వెర్షన్.

#22 ప్యాకెట్_పంతులు
వచ్చాడండీ 2.2.1 భక్తుడు. ప్రతి థ్రెడ్‌లో ఒకడుంటాడు. 2011 నాటి వెర్షన్ అది. ఆ తర్వాత యూటోరెంట్‌లో బయటపడిన లోపాలకు 2.2.1లో మందు లేదు. పైగా దాన్ని ఎక్కడి నుంచి దించుతారు? ఏ పాత సాఫ్ట్‌వేర్ల సైట్ నుంచో. #13లో జరిగింది సరిగ్గా అదే కదా.

#23 నిజాంపేట్_నెట్
నా దగ్గర అప్పటి ఇన్‌స్టాలర్ ఇంకా ఉంది.

#24 ప్యాకెట్_పంతులు
మ్యూజియంలో పెట్టండి.

#25 లినక్స్‌లింగం
అధికారిక సైట్ నుంచి దించితే చాలు, మిగతా చాదస్తమంతా అనవసరం అని నా ఉద్దేశం.

#26 మౌనముని
చాలదు. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అనే టోరెంట్ ప్రోగ్రాం 2.90 మ్యాక్ ఇన్‌స్టాలర్‌ను వాళ్ల అధికారిక సైట్‌లోనే మార్చేసి కీరేంజర్ రాన్సమ్‌వేర్ పెట్టారు. దానికి చెల్లుబాటయ్యే యాపిల్ డెవలపర్ సంతకం కూడా ఉంది, అందుకే మ్యాక్ గేట్‌కీపర్ నోరెత్తలేదు. ఎక్కాక మూడు రోజులు ఊరుకుని ఆ తర్వాత ఫైళ్లకు తాళాలేసి ఒక బిట్‌కాయిన్ అడిగేది. అదే ఏడాది ఆగస్టులో అదే సైట్‌లో 2.92తో కీడ్‌నాప్ అనే మాల్‌వేర్ వచ్చింది. 2018 మార్చిలో మీడియాగెట్ అనే టోరెంట్ ప్రోగ్రాం అప్‌డేట్‌లోనే విషం కలిపి డోఫాయిల్ అనే మాల్‌వేర్ పంపారు, అది మీ కంప్యూటర్‌తో క్రిప్టో నాణేలు తవ్వించే మైనర్‌ను దించేది. మైక్రోసాఫ్ట్ 12 గంటల్లో 4 లక్షలకు పైగా దాడులు ఆపింది.

#27 కాకినాడకాజా
మౌనముని గారు ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి.

#28 హ్యాష్‌రాణి
#26లో ఇంకో మెలిక ఉంది. సైట్‌నే మార్చగలిగినవాడు పక్కనున్న హ్యాష్ కూడా మార్చగలడు. అందుకే జీపీజీ సంతకం ఇస్తారు, దాని తాళం డెవలపర్ దగ్గర ఉంటుంది గానీ సర్వర్ మీద కాదు. అంత ఓపిక లేకపోతే విన్‌గెట్ (ప్రోగ్రాంలు ఎక్కించే విండోస్ సొంత కమాండ్) మధ్యే మార్గం: టెర్మినల్‌లో విన్‌గెట్ ఇన్‌స్టాల్ అని కొట్టి క్యూబిట్‌టోరెంట్ పేరు రెండుసార్లు, మధ్యలో చుక్కతో. అది తన మ్యానిఫెస్ట్‌లో ఉన్న ఎస్‌హెచ్‌ఏ256తో పోల్చి, కలిస్తేనే ఎక్కిస్తుంది. ఆ హ్యాష్ ఉండేది వేరే చోట కాబట్టి, ఒక్క సైట్ మార్చినవాడికి పని జరగదు.

చేత్తో దింపేవాళ్లకు: అధికారిక సైట్ డాట్ ఆర్గ్. డాట్ కామ్ వాళ్లది కాదు. ఫైల్ మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్, "కాపీ యాజ్ పాత్". పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి ఒక స్పేస్, పాత్ పేస్ట్, ఎంటర్. 64 అక్షరాలొస్తాయి. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి సరిపెట్టుకోకండి, డౌన్‌లోడ్ పేజీలోది కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టండి.

#29 రాత్రిడ్యూటీ
ఫైల్‌ను ఎన్నో యాంటీవైరస్‌లతో చూపించే వైరస్‌టోటల్ సైట్‌లో పడేస్తే పోదా?

#30 హ్యాష్‌రాణి
ఫైల్ ఎక్కించే ముందు హ్యాష్‌ను సెర్చ్‌లో పెట్టండి. ప్రసిద్ధమైన ఇన్‌స్టాలర్ అయితే ఈపాటికి ఎవరో ఎక్కించే ఉంటారు. ఎక్కించినవి అక్కడి చందాదారులకు అందుబాటులో ఉంటాయి, అందుకని సొంత పత్రాలు ఎప్పుడూ ఎక్కించకండి.

ఫలితం చదవడంలోనూ లెక్క తప్పుతారు. దాదాపు 70 ఇంజన్లలో 6 ఎర్రగా ఉంటే ఆరుగురు సాక్షులు అనుకుంటాం. బిట్‌డిఫెండర్ ఇంజన్‌ను జీడేటా, ఎంసీసాఫ్ట్, ఈస్కాన్ లాంటివాళ్లు కూడా వాడతారు, అందరూ అదే పేరు చూపిస్తే సాక్షి ఒక్కడే. ఊరూపేరూ లేని ఇంజన్లు రెండు "జెనరిక్", "సస్పీషియస్" అంటే పెద్దగా పట్టించుకోను. మైక్రోసాఫ్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్ వేర్వేరుగా ఒకే కుటుంబం పేరు చెబితే ఇక వాదన అక్కర్లేదు.

650 ఎంబీ దాటితే వైరస్‌టోటల్ తీసుకోదు. అది తెలిసే కొందరు 5 ఎంబీ మాల్‌వేర్‌కు సున్నాలు కుక్కి 700 ఎంబీ చేస్తారు. జిప్ చేసి చూడండి, 700 కాస్తా 5కి దిగిపోతే దొంగ దొరికినట్టే.

#31 నిజాంపేట్_నెట్
ఇది కొత్తగా తెలిసింది. ఫైల్ పేర్లలో చూడాల్సినవి కూడా చెప్పండి ఎవరైనా.

#32 మౌనముని
సినిమా, పుస్తకం, పాట టోరెంట్‌లో ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, ఎల్‌ఎన్‌కే (క్లిక్ చేస్తే నడిచే ఫైళ్లు) ఉంటే ఆ టోరెంట్ మొత్తం వదిలేయండి. పాస్‌వర్డ్ ఉన్న ఆర్కైవ్, పక్కన టెక్స్ట్ ఫైల్‌లో పాస్‌వర్డ్, "యాంటీవైరస్ ఆపి తెరవండి" అన్న సలహా: మూడూ కలిసి కనిపిస్తే అంతకంటే రుజువేం కావాలి. పాస్‌వర్డ్ పెట్టేదే స్కానర్ లోపలికి చూడకుండా.

ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ → షో → ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. లేకపోతే పీడీఎఫ్.ఈఎక్స్ఈ అన్నది వట్టి పీడీఎఫ్‌లా కనిపిస్తుంది.

#33 ప్యాకెట్_పంతులు
#32కి తోడు: క్యూబిట్‌టోరెంట్ ఆప్షన్స్ → డౌన్‌లోడ్స్‌లో "ఎక్స్‌క్లూడెడ్ ఫైల్ నేమ్స్" ఉంది. నక్షత్రం, చుక్క, ఈఎక్స్ఈ అని ఒక వరుస, ఎల్‌ఎన్‌కేకి ఒకటి, ఎస్‌సీఆర్‌కి ఒకటి. ఇక అవి దిగవు. అయినా అలర్ట్ రావచ్చు: ముక్కలు ఫైళ్ల సరిహద్దులు దాటి ఉంటాయి, పక్క ఫైల్ ముక్కతోపాటు వద్దన్న ఫైల్ కొసలు కూడా వచ్చి .పార్ట్స్ అనే దాచిన ఫైల్‌లో పడతాయి. పాత్‌లో .పార్ట్స్ అని ఉంటే బెదిరిపోకండి, అది తెరిచి నడిపే ఫైల్ కాదు.

అదే పేజీ కింద "రన్ ఎక్స్‌టర్నల్ ప్రోగ్రామ్" చూడండి. మీరు పెట్టని కమాండ్ అక్కడుంటే ఎవరో వెబ్ యూఐ (బ్రౌజర్‌లోంచి క్యూబిట్‌టోరెంట్‌ను నడిపే పేజీ) ద్వారా లోపలికొచ్చి ఉండొచ్చు. 4.6.1కి ముందు దాని డిఫాల్ట్ పాస్‌వర్డ్ అడ్మిన్ అనే మాట రెండుసార్లు. వెబ్ యూఐ తెరిచిపెట్టి పాస్‌వర్డ్ మార్చనివాళ్ల కంప్యూటర్లలో ఆ గడిలోంచే మైనర్లు ఎక్కించారు. వాడకపోతే వెబ్ యూఐ ఆపేయండి.

#34 సీడర్_సీతయ్య
ఐఎస్ఓ దిగింది, హ్యాష్ కలిసింది. మినహాయింపు తీసేశా. వీడియోస్ ఫోల్డర్‌లోకి దింపితే "అనధికార మార్పులు బ్లాక్ చేశాం" అంటోంది, ఇదీ వైరసేనా?

#35 మౌనముని
కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, తెలియని ప్రోగ్రాంలు ముఖ్యమైన ఫోల్డర్లలో రాయకుండా ఆపే డిఫెండర్ ఏర్పాటు. వైరస్ కాదు. వేరే ఫోల్డర్‌కు దింపండి.

#36 పాతపుస్తకాలపిచ్చి
#18 వరస ప్రకారం చేశా. ఆ తేదీన నేను వేయనివి రెండు దొరికాయి: ఒక "పీసీ స్పీడప్", ఒక బ్రౌజర్. క్రోమ్‌లో కూపన్ల ఎక్స్‌టెన్షన్ ఒకటి. ఎక్స్‌క్లూజన్ల జాబితా ఖాళీ. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ రాలేదు. విన్‌గెట్‌తో కొత్తది వేసి, ఒకసారి తెరిచి మూసి, బీటీ_బ్యాకప్ వెనక్కి పెడితే జాబితా అంతా వచ్చింది. పాపప్‌లు మాత్రం ఉన్నాయి. ప్రతిసారీ వేరే ఐపీ, వేరే పోర్ట్.

#37 ప్యాకెట్_పంతులు
అయితే అవి పీర్లే. ఆర్కైవ్ టోరెంట్లే కదా మీవి? ఆప్షన్స్ → బిట్‌టోరెంట్ → ప్రైవసీలో డీహెచ్‌టీ, పెక్స్ (పీర్ల నుంచే మిగతా పీర్ల చిరునామాలు తెచ్చుకునే పద్ధతి) టిక్ తీసేయండి. ఆర్కైవ్‌కు సొంత ట్రాకర్లున్నాయి, పైగా వాళ్ల టోరెంట్లలో వెబ్ సీడ్ ఉంటుంది, అంటే పీర్ ఒక్కడూ లేకపోయినా వాళ్ల సర్వర్ నుంచే దిగుతుంది. కాలీ, డెబియన్ లాంటివి దింపేటప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు. యాంటీవైరస్‌లో ఈ ఒక్క ప్రోగ్రాంకు వెబ్ రక్షణ మినహాయింపు కూడా ఇవ్వొచ్చు, ఫైల్ స్కానింగ్ మాత్రం ఆపకుండా.

#38 పాతపుస్తకాలపిచ్చి
తీసేశా. గంటన్నర అయింది, ఒక్క పాపప్ లేదు. కానీ ఒక నిఘంటువు 99.4% దగ్గర ఆగిపోయింది. డిఫెండర్ హిస్టరీలో ఏమీ లేదు.

#39 మౌనముని
టోరెంట్ తయారయ్యాక ఆర్కైవ్‌లో ఆ పేజీ ఫైళ్లు మార్చి ఉంటారు, పాత హ్యాష్‌తో కలవదు. కంటెంట్ ట్యాబ్‌లో ఆగిన ఫైల్ ఏదో చూడండి. ఎక్స్‌ఎంఎల్ అయితే వదిలేయండి, పీడీఎఫ్ పూర్తయి ఉంటుంది.

#40 పాతపుస్తకాలపిచ్చి
ఎక్స్‌ఎంఎల్లే. పీడీఎఫ్ తెరుచుకుంది, "క్ష" దాకా ఉంది.